సాంచాలు నడిచే రోజు

మా మేనత్త పోయిందంటే వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. నేనింకా నమ్మలేకపోతున్నాను. పొయ్యి మీద చాయ్ పెట్టి గడపలో కూర్చుంది, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు. మరునాడు ఇద్దరం కలిసి ఇల్లు చూడ్డానికి వెళ్లాలి.

అవ్వ, బాపు లేని నన్ను అత్తమ్మే పెంచింది. ఎన్నో కిరాయి ఇళ్లు మారాం. సొంత గోడల మధ్య బతకాలన్నదే మా ఇద్దరి ఆశ.

సిరిసిల్లలో మా చుట్టుపక్కల ఎవరు ఇల్లు కొన్నా ముందు అత్తమ్మను తీసుకెళ్లేవారు. వెళ్లగానే "జర బీరువా జరుపుండ్రి" అనేది. వెనక గోడకు అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది. బాత్‌రూంలో బకెట్ నీళ్లు గుమ్మరించి, ఎటు పోతాయో చూస్తూ నిలబడేది.

"ఇల్లు కొంటవా, కడుగుతవా అక్కా?" అన్నాడొక ఆసామి.

"కడిగితేనే గద తమ్మీ, అసలు మొఖం తెలిసేది!"

తప్పులూ చేసేది. వంటిల్లు చీకటని ఒక మంచి ఇంటిని వద్దంది. వేరేవాళ్లు కొనుక్కుని సుఖంగా ఉన్నారు. ఆ మాటెత్తితే, "ఉండనీ తియ్, చీకట్ల ఏం తింటుండ్రో ఆళ్లకే ఎర్క లేదు" అని నవ్వేది.

ఆమె పోవడానికి వారం ముందు చూసిన ఇల్లు నాకు తెగ నచ్చింది. కొత్త రంగు, పెద్ద కిటికీలు. బయానా ఇచ్చేద్దామన్నాను. నాకు ఆగడం చేతకాదు. అత్తమ్మ మాత్రం పక్కనున్న మరమగ్గాల షెడ్డు వైపు చూసింది.

"గియ్యాల సాంచాలు బందున్నయి. నడిచే దినం మళ్లొద్దాం."

"చప్పుడే గద అత్తమ్మా, అలవాటైతది."

"చప్పుడుకు గాదురా అల్లుడా. గా అదురుకు గోడ ఆగుతదా లేదా చూడాలె."

ఆ రోజు రాకముందే ఆమె పోయింది. దినాలయ్యాక ఆ ఇంటాయన ఫోన్ చేశాడు, వేరేవాళ్లు అడుగుతున్నారని. ఒక్కడినే వెళ్లాను. షెడ్డులో సాంచాలన్నీ నడుస్తున్నాయి. లోపలి గదిలో కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. పైకప్పు, గోడ కలిసే చోటు నుంచి కిందికి కొత్త రంగు నిలువునా చీలింది.

"ఏం పరేషాన్ గాకు తమ్మీ, ఇంకో పూత ఏస్తే మూసుకపోతది" అన్నాడాయన.

"నాకొద్దన్నా."

అత్తమ్మకు మంచం వేద్దామనుకున్న మూలలో, ఆ చీలిక నుంచి తెల్లటి పొడి సన్నగా రాలుతూనే ఉంది.