బొట్టు పెట్టిన రేటింగు

బందరులో ఆ పొదుపు బ్యాంకు మేనేజరు గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన కుర్చీ వెనక గోడకి బ్యాంకు క్రెడిట్ రేటింగు పత్రం ఫ్రేము కట్టి ఉండేది. ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టించేవారు. ఎవరు ఏమడిగినా ఆ అద్దం మీద వేలితో టకటకా కొట్టి, “‘ఎ’ గ్రేడండీ, ఇంకేం కావాలి?” అనేవారు.

పెడనలో కలంకారీ అద్దే మా పిన్ని, సొంత షెడ్డు కోసం దాచుకున్నదంతా అక్కడ వేస్తానంటే, ఇంజనీరింగు చదివిన నేనూ వెంట వెళ్లాను. పత్రం పూర్తిగా చదివాను. ఆ రేటింగు బ్యాంకు అమ్మిన బాండ్లకు ఇచ్చింది, డిపాజిట్లకు కాదు. దాని గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది. మొండి బకాయిలెన్ని, డిపాజిట్ బీమా ఎంతవరకు అని అడిగాను.

“ఇంజనీరు గారూ, బొట్టు పెట్టినదానికి వంకలు పెడతారేంటండీ?” అని నవ్వారాయన. పిన్ని కూడా నవ్వి సంతకం పెట్టింది.

ఏడాది తిరక్కుండానే బ్యాంకు డబ్బు ఇవ్వడం ఆపేసింది. ఇద్దరం వెళ్లి నిలదీశాం.

“చదువుకున్న అబ్బాయిని తెచ్చుకున్నారుగా అమ్మా, అప్పుడే చూసుకోవాల్సింది” అన్నారు.

“వాడు కాగితం చూశాడండీ. నేను మీ మొహం చూసి వేశాను” అంది పిన్ని.

ఆ మాటకైనా ఆయన తల దించుకోలేదు.