సొరకాయ చేతిలో పెట్టిన పిన్నిగారు

సొరకాయ తురుము నేతిలో పడగానే మొదట వచ్చేది తీపి వాసన కాదు. వాన వెలిశాక పాదు దగ్గర నిలబడితే వచ్చే పచ్చి వాసన. ఇవాళ ఆదివారం, పొద్దున్నుంచీ మా వంటిల్లంతా అదే. గరిటె తిప్పుతూ ఉంటే కాసేపటికి నీరు ఇగిరి, ఆ పచ్చిదనం విరిగి, వెన్న కాచినప్పుడు వచ్చే కమ్మదనం మొదలవుతుంది. ఎన్నేళ్ళుగా చేస్తున్నా ఆ మారే క్షణాన్ని పట్టుకోవడానికి నేను గడియారం చూడను. నా వెనకాల ఎవరో నిలబడి "ఇప్పుడు పొయ్యండి పాలు" అంటున్నట్టు ఉంటుంది. ఆ గొంతు కామేశ్వరమ్మగారిది. ఆవిణ్ణి చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

తిరువూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరినప్పుడు నాకు ఇంకా పెళ్ళి కాలేదు. మాది గంపలగూడెం అవతల పల్లె. వరి, పత్తి, వాటి మీద పడే పురుగు తప్ప ఇంట్లో వేరే ఊసు ఉండేది కాదు. రోజూ షేర్ ఆటోలో వేలాడుతూ రావడం కుదరక, బజారు వెనక వీధిలో ఒక డాబా మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఆయనకు బజారులో కిరాణా కొట్టు. ఆవిడ కామేశ్వరమ్మగారు. చేరిన వారంలోనే ఆయన నాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు అయిపోయారు. పిన్నిగారి నవ్వు దగ్గులా మొదలయ్యేది. కొత్తవాళ్ళు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేవారు. ఆ నీళ్ళు చూసి ఆవిడ ఇంకా నవ్వేవారు.

ఆవిడ మీద వీధిలో ఒక మాట ఉండేది. "కామేశ్వరమ్మను స్వీటు అడిగితే సొరకాయ చేతిలో పెడుతుంది" అని. కొందరు అది పిసినారితనమనేవారు. నాకు దాని అర్థం త్వరలోనే తెలిసింది. ఒక సెలవు రోజు కింద నుంచి నెయ్యి, యాలకుల వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. హాస్టల్ తిండి, హోటల్ తిండి తిన్నవాణ్ణి, నిలవలేకపోయాను. వట్టి చేతులతో వెళ్ళడానికి ఒక వంక కావాలి కదా.

"పిన్నిగారూ, నీళ్ళు రావడం లేదు. కాస్త మోటారు వేస్తారా?" అన్నాను, తలుపు దగ్గర నిలబడి.

ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. "ట్యాంకు నిండి గోడ మీదుగా కారుతోంది మాస్టారూ. వాసనకు దిగారా?"

నేను తలుపు గడియ అటూ ఇటూ తిప్పసాగాను. మామూలుగానే నాకు నలుగురిలో నోరు పెగలదు. నల్లబల్ల వైపు తిరిగితే గంటసేపు చెప్పగలను, మనిషి వైపు తిరిగితే మాట రాదు.

"ఈ గిన్నె మీ బాబాయిగారిది. మీక్కావాలంటే పందిట్లో ఇంకో కాయ ఉంది, మీ గది పక్కనే. కోసుకురండి, చేద్దాం."

అలా నా చేతిలోకి సొరకాయ వచ్చింది. ముందు గోరు గుచ్చి చూడమన్నారు. దిగితే లేతకాయ, దిగకపోతే ఎండబెట్టి బుర్ర చేసుకోవడానికే పనికొస్తుందట. తర్వాత చిన్న ముక్క కోసి నోట్లో పెట్టుకోమన్నారు. "చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యాలి. దానికి పాలూ నెయ్యీ ధారపొయ్యకూడదు." చేదు లేదు. చెక్కు తీసి, గింజలూ మెత్తటి దూదీ తీసేసి, తురిమి, గట్టిగా పిండిన నీళ్ళు పక్కన పెట్టాను. ఆ నీళ్ళు సాయంత్రం చపాతీ పిండిలోకి వెళ్ళాయి. తురుము నేతిలో వేయించి, చిక్కటి పాలు పోశాను. అంతలో వీధి గుమ్మంలో ఎవరో పిలిస్తే పిన్నిగారు వెళ్ళారు. పక్కనే పంచదార గిన్నె ఉంది. ఎలాగూ వెయ్యాల్సిందే కదా అని వేసేశాను.

ఆవిడ తిరిగి వచ్చి, మూకుడులోకి చూసి, నా వైపు చూసి, మంట కాస్త తగ్గించి పక్కకు జరిగారు. అది ఎంతసేపు ఉడికించినా తురుము మెత్తబడలేదు. మధ్యాహ్నం బాబాయిగారు భోజనానికి వస్తే ఆయన పక్కన నాకూ విస్తరి వేసి, మొదట అదే వడ్డించారు. బాబాయిగారు నములుతున్నారు, నములుతూనే ఉన్నారు.

"ఏంటే ఇవాళ హల్వా, నమిలేకొద్దీ ఊరుతోంది?"

"మాస్టారు చేశారు. తినండి, దవడలకి మంచిది."

నాతోపాటు వాళ్ళిద్దరూ నమిలి గిన్నె ఖాళీ చేశారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. "పారేస్తారనుకున్నాను పిన్నిగారూ" అన్నాను. ఆవిడ దగ్గు మొదలుపెట్టి నవ్వులోకి దిగారు. "ఎందుకు పారెయ్యడం? తప్పొచ్చింది గానీ పాడవలేదుగా. పంచదార ముందే పడితే ముక్క బిగుసుకుపోతుంది. నేను చెబితే మీరు రేపటికి మర్చిపోతారు. నమిలారుగా, ఇక జన్మలో మర్చిపోరు."

ఆ మాట నాతోపాటు క్లాసులోకి వచ్చింది. అంతవరకూ నేను పిల్లలకు లెక్క మొత్తం బోర్డు మీద చేసి చూపించేవాణ్ణి, వాళ్ళు రాసుకునేవారు. ఎవరైనా తప్పు చేస్తే గీత కొట్టి సరైనది పక్కన రాసేవాణ్ణి. ఆ తర్వాత తప్పు లెక్కను చెరపనివ్వలేదు. "కానీ, చివరిదాకా చెయ్యి, ఎక్కడికి పోతుందో చూద్దాం" అనేవాణ్ణి. చివర్లో మనుషులు మైనస్ ఏడుగురు అని తేలేసరికి క్లాసంతా గొల్లుమనేది. చేసిన పిల్లే అందరికన్నా ముందు నవ్వి, తప్పు ఎక్కడ జరిగిందో తనే పట్టుకునేది. నాకు మంచి మాస్టారని పేరు వచ్చింది అంటే అది ఆ నమిలిన హల్వా చలవే.

ఆదివారాలు కింద వంటింట్లో గడపడం అలవాటైపోయింది. గుమ్మడికాయ, క్యారెట్టు, బూడిదగుమ్మడి, ఏది దొరికితే అది. ఒకసారి పెళ్ళిళ్ళలో చూసినట్టు సొరకాయ హల్వాలో పచ్చ రంగు వేద్దామా అంటే, "గోడకి వేస్తున్నామా రంగు?" అన్నారు. గరిటె చేతిలో ఉంటే నాకు మాటలు వాటంతటవే వచ్చేవి. కాలేజీ సంగతులు, మా నాన్న పత్తి సంగతులు, కుదరని సంబంధాల సంగతులు అన్నీ ఆవిడకు చెప్పాను. అప్పటికి రెండు చోట్ల పెళ్ళిచూపులయ్యాయి. రెండు చోట్లా నేను నోరు విప్పలేదు. ఒకరు మధ్యవర్తిని "అబ్బాయికి మాటలొచ్చా అండీ?" అని అడిగారట.

"ఇక్కడ ఇంత వాగుతావే నాయనా, అక్కడేమైంది నీ నోటికి?" అన్నారు పిన్నిగారు. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో నాకు గుర్తు లేదు.

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు పిన్నిగారూ."

మూడో సంబంధం పెనుగొలను నుంచి వచ్చింది. వ్యవసాయం కుటుంబం, అమ్మాయి పేరు శైలజ, డిగ్రీ చదివింది. వెళ్ళే రోజు పొద్దున పిన్నిగారు పెద్ద కాయ ఒకటి నా ముందు పెట్టారు. "కొన్న స్వీటు ప్యాకెట్టు అందరూ తీసుకెళ్తారు. నువ్వు చేసింది పట్టుకెళ్ళు. కనీసం చేతుల్లో డబ్బా అయినా ఉంటుంది." ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కసారి కూడా లేచి మూకుడులోకి చూడలేదు.

ఊళ్ళో అమ్మానాన్నలను ఎక్కించుకుని ఆటోలో బయల్దేరాం. డబ్బాలో ఏముందో, ఎవరు చేశారో చెప్పేసరికి అమ్మ ముఖం మాడిపోయింది. "మగపిల్లాడు వంట చేశాడంటే ఏమనుకుంటార్రా? ఇంట్లో ఆడదిక్కు లేదనుకోరూ? నువ్వు మాట్లాడకు, నేను చేశానని చెప్తా." మాట్లాడకుండా ఉండటం నాకు కష్టమైన పని కాదు కాబట్టి సరేనన్నాను.

శైలజ వాళ్ళ నాన్నగారు హల్వా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మా అమ్మ వెంటనే, "నేనే చేశానండీ. మావాడికి వంటింటి గడప కూడా తెలియదు" అంది. అంతవరకూ తల వంచుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తింది.

"ఎంత మెత్తగా వచ్చిందండీ! నేను చేస్తే పీచుపీచుగా ఉంటుంది. మీరు పంచదార ఎప్పుడు వేస్తారు?"

అమ్మ పాపం, పులుసులు, పచ్చళ్ళు, బూరెలు కళ్ళు మూసుకుని చేయగలదు. సొరకాయతో తీపి ఎప్పుడూ చేసి ఎరగదు. "పంచదారా? మామూలే అమ్మా... పాలతోపాటే" అంది.

నా దవడలు ఒక్కసారి నొప్పి పుట్టినట్టయ్యాయి. రేపు ఈ అమ్మాయి అలాగే చేస్తుంది, నమలలేక పారేస్తుంది అనిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు.

"కాదండీ" అన్నాను. "పాలు పూర్తిగా ఇగరాలి. తురుము వేళ్ళ మధ్య నలిగేదాకా పంచదార జోలికి వెళ్ళకూడదు. వేశాక అంతా మళ్ళీ జారుగా అయిపోతుంది, అప్పుడు భయపడకుండా తిప్పుతూ ఉండాలి. అదే దగ్గర పడుతుంది."

 మా నాన్న తన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. అమ్మ నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ వర్ణించలేను. ఇక దాచి లాభం లేదు.

"నేనే చేశానండీ" అన్నాను.

మంచం మీద కూర్చున్న శైలజ వాళ్ళ నాయనమ్మ నెమ్మదిగా నోట్లోది మింగి, మా అమ్మతో అంది: "నువ్వన్నది నిజమేనమ్మాయ్. గడప తెలీదు పిల్లాడికి. తెలిస్తే అక్కడే ఆగేవాడు, లోపలిదాకా పోయాడు!"

ముందు నవ్వింది మా అమ్మే. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వులోనే శైలజ, "అయితే నాకు నేర్పిస్తారా?" అని అడిగింది. కామేశ్వరమ్మగారి వంటింట్లో అన్ని ఆదివారాలు గడిపినవాణ్ణి, నా నోట్లో ఉన్న జవాబు ఒక్కటే. "రండి, చేద్దాం" అనేశాను. అన్నాక గానీ ఏమన్నానో అర్థం కాలేదు. వాళ్ళ నాన్నగారు, "ఉండవయ్యా, ముహూర్తం పెట్టించుకోనీ!" అనేసరికి ఇల్లంతా నవ్వులతో దద్దరిల్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. మా ఊరి మలుపు దగ్గర మెల్లగా అడిగింది. "ఏరా, నాకెప్పుడూ చేసి పెట్టలేదేం?"

పెళ్ళికి పిన్నిగారు ముందురోజే ఆటో నిండా సొరకాయలతో పెనుగొలను వచ్చారు. ఆవిడ చేసి పెడతారని ఆశపడ్డవాళ్ళందరికీ తలా ఒక కాయా ఇచ్చారు. మా నాన్న, మా మామగారు ఎదురెదురుగా కూర్చుని పందెం వేసుకుని తురిమారు. మావైపువాళ్ళు, వాళ్ళవైపువాళ్ళు మర్యాదలు మర్చిపోయి ఒకరి తురుము చూసి ఒకరు వెక్కిరించుకున్నారు. వాళ్ళ మధ్య పిన్నిగారు దగ్గుతూ నవ్వుతూ తిరిగారు. మూకుడు దించే దాకా గరిటె ముట్టుకోలేదు.

తర్వాత ఆవిడకు షుగరు వచ్చింది. ఎవరూ తీపి చేసుకోవద్దని ఆవిడ అనలేదు సరికదా, తను తినలేకపోయినా వాసన చూసి తప్పులు చెప్పేవారు. మేము వేరే వీధిలో ఇల్లు తీసుకున్నా వెళ్తూ ఉండేవాళ్ళం. చివరిసారి వెళ్ళినప్పుడు బాగా చిక్కిపోయి, దిండుకు ఆనుకుని ఉన్నారు. శైలజా నేనూ డబ్బా తీసుకెళ్ళాం. బాబాయిగారు వద్దంటూనే చెంచా తెచ్చారు. ఆవిడ చెంచా వద్దని, చిటికెన వేలి చివర అంటేంత తీసుకుని నాలుక మీద పెట్టుకున్నారు. నెమ్మదిగా చప్పరించారు.

"ఇది నా హల్వా కాదు" అన్నారు చివరికి.

 పాలు తగ్గాయా, నెయ్యి మాడిందా, ఏం చేశానా అని వెతుక్కుంటున్నాను.

"నీది" అన్నారు. "నేనింత యాలకులు వెయ్యను. ఎప్పట్నుంచి వేస్తున్నావో నీకే తెలీదు, అవునా? బావుంది నాయనా. అలాగే ఉంచు. నా కోసం తగ్గించబోకు."

ఆ వేసవి దాటకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. వీధిలో ఎవరికీ ఆవిడ చేసిన తీపి తిన్న గుర్తు పెద్దగా లేదు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకోని ఇల్లు లేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో రుచి. నెయ్యి ఎక్కువ వేసేవాళ్ళు, కోవా కలిపేవాళ్ళు, జీడిపప్పు బదులు పుచ్చపప్పు వేసేవాళ్ళు. ఎవరిదీ ఆవిడ హల్వా కాదు. ఆవిడకు కావలసిందీ అదేనని నాకు ఆ చిటికెన వేలి రోజునే అర్థమైంది.

పిల్లలు లెక్కను నేను చెప్పిన దారిలో కాకుండా తమ దారిలో చేసుకొస్తే, ముందు నాలో ఏదో కలుక్కుమంటుంది. తర్వాత సరిచూస్తాను. సరిగా ఉంటే దాని కిందే సంతకం పెట్టి ఇచ్చేస్తాను. ఇంట్లో శైలజ మాత్రం, "ఈసారైనా యాలకులు కాస్త తగ్గించండి, ఘాటెక్కుతోంది" అంటూనే ఉంటుంది.

శైలజ ఏం చెప్పినా వింటాను. అది మాత్రం తగ్గించను.