పుట్టుక చూసినవాళ్ళు ఇద్దరు

మా బావది రాయి కోసే పని. గ్రానైట్ పలక మీద పెన్సిలుతో గీత గీశాడంటే మిషను వెంట్రుకవాసి కూడా పక్కకి పోదు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ బురదై తోట పాడవుతుందని పని చేయించుకునే ఇంటివాళ్ళు ఒప్పుకోరు. అందుకే ముప్ఫై ఏళ్ళుగా మూతికి తడి తువ్వాలు కట్టుకుని పొడిగానే కోశాడు. ఇప్పుడు రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూలబడతాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇక మిషను ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఏడాది కూడా కష్టమే" అన్నాడు.

పని మానేస్తే తినేదేమిటి? ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకి కార్మికుల ఆఫీసు పింఛనిస్తుంది. యాభై అయిదు నిండాలి. బావకి యాభై ఆరు. కార్మికుల కార్డులో మాత్రం నలభై తొమ్మిది.

ఆ తప్పు నాదే. పదిహేనేళ్ళ క్రితం కార్డు రాయించేనాటికి బావకి నలభై ఒకటి. నలభై దాటినవాణ్ణి మేస్త్రీలు పిలవరు. మా వీధిలో అందరూ చేసే పనే నేనూ చేశాను. ఏడేళ్ళు తగ్గించి చెప్పాను. "నీ తమ్ముడు నన్ను మళ్ళీ పెళ్ళికొడుకుని చేశాడే" అని ఆ రోజు అక్కతో అని నవ్వాడు బావ.

ఆయన బడికి పోలేదు, కాగితం ముక్క లేదు. ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

"మీరు పుట్టినప్పుడు చూసినవాళ్ళు, డెబ్బై దాటినవాళ్ళు, ఇద్దరొచ్చి చెబితే వయసు మారుస్తామండీ. నెలాఖరులోపు తీసుకురండి."

"ఇద్దరే కదమ్మా" అన్నాడు బావ.

ఆయన పుట్టింది మా వీధిలోనే. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగాం. వడ్రంగి బాబాయి ఉంటే డెబ్బై ఆరు. యాభై ఎనిమిదికే పోయాడు. పక్కింటి అత్త అరవై ఒకటికి పోయింది. వీధి వెనక రాళ్ళ మిల్లు, ముందు లారీల రోడ్డు. ఆసుపత్రి నాలుగింటికి మూసేస్తారు, మేం ఇల్లు చేరేది ఏడింటికి. ఏ ఇంట్లో అడిగినా గోడ మీద ఫొటో చూపించారు.

చివరికి ఇస్త్రీ పెద్దమ్మ ఒక్కతే దొరికింది. డెబ్బై నాలుగు.

"నువ్వు పుడుతుంటే నీళ్ళు కాచింది నేనేరా. వీధంతా వినేలా ఏడ్చావు. ఇవాళ సాక్ష్యానికి దిక్కులేదా నీకు?" అంది.

"విన్నవాళ్ళంతా పోయారు పెద్దమ్మా."

ఆ వారం కూడా బావ నాతో పనికొచ్చాడు. పింఛను వచ్చేదాకా పొయ్యి వెలగాలి కదా. బస్సులో ఇరవై నిమిషాలు పోతే గుట్ట మీద కాలనీ. ఇంటాయనకి ఎనభై ఎనిమిది. కాలు జారకుండా బాత్రూములో గరుకు రాయి వేయిస్తున్నాడు. ఎదురుగా పార్కులో ఆయన ఈడువాళ్ళు తెల్లబూట్లేసుకుని చుట్లు కొడుతున్నారు. బావ తువ్వాలు దించి కాసేపు వాళ్ళనే చూశాడు.

"ఇక్కడ పుట్టుంటే ఒక్క బెంచీ మీదే నలుగురు దొరికేవాళ్ళురా!"

నాకు నవ్వు రాలేదు. ఆయనకి దగ్గొచ్చింది.

నెలాఖరు రోజు పెద్దమ్మని ఆటోలో తీసుకెళ్ళాం. అమ్మాయి ఆవిడ మాటంతా రాసుకుని, "రెండోవాళ్ళు?" అంది.

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

"ఒక్కరైతే కుదరదండీ. మీ వీధిలో డెబ్బై దాటినవాళ్ళు ఇంకొక్కరైనా ఉండరా?"

"మా వీధిలో అంతకాలం బతికేవాళ్ళుంటే వీడికి ఈ పింఛనెందుకే తల్లీ?" అంది పెద్దమ్మ. "రెండు చేతుల వేలిముద్రలూ వేస్తాను, ఇద్దరి కింద రాసుకో."

అమ్మాయి నవ్వబోయి ఆగింది. కాగితాలన్నీ సర్ది మా ముందుకి జరిపింది. కార్డు లెక్కన ఇంకా ఆరేళ్ళుంది.

ఇంటికొస్తే అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నారు?"

"ఇంకా కుర్రాణ్ణేనటే. కష్టపడి పని చేసుకోమన్నారు" అన్నాడు బావ.

అక్క మా ఇద్దరి మొహాలూ చూసింది. లోపలికెళ్ళి, పొద్దున పనికి కావాలని తువ్వాలు ఉతకడం మొదలుపెట్టింది. ఎంత ఉతికినా రాతి దుమ్ముకి నీళ్ళు తెల్లగానే వస్తున్నాయి.