నేస్తం తరఫున పెట్టని దండం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పోలీసులు పట్టుకునే నేరం కాదు. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. అయినా అది గుర్తొచ్చిన పూట అన్నం సహించదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను.

విజయనగరంలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకొక నేస్తం ఉంది. మా వైపు నేస్తమంటే ఉత్త స్నేహితురాలు కాదు. మాది శ్రీకాకుళం దగ్గర వరి పండించే ఊరు. నేస్తం తల్లి సముద్రపు ఒడ్డు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికొచ్చేది, వెంట తనూ వచ్చేది. మా ఇద్దరికీ పదేళ్లప్పుడు పెద్దవాళ్లు కొత్త బట్టలు పెట్టి, ఒకే ఆకులో తినిపించి, నేస్తం కట్టించారు. అప్పట్నుంచి ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోకూడదు, పిలిస్తే నేస్తం తెగినట్టే. ఒకరి పుణ్యం ఇద్దరిదీ. నేస్తానికి అబద్ధం చెప్పకూడదని మా అమ్మ ఆ రోజే నాకు గట్టిగా చెప్పింది.

రిటైరైన ఏడాది మా కాలనీవాళ్లు కొందరు కంబోడియా టూరుకి బయల్దేరితే, నేస్తాన్ని నేనే తీసుకెళ్లాను. ప్రేమతోనా? నేను తీసుకెళ్లానని నలుగురూ అనుకోవాలనా? రెండూ ఉన్నాయనుకుంటాను. వెళ్లేముందు నెలరోజులు కూర్చుని ఆ గుళ్ల గురించి చదివాను. గైడు ఇంగ్లీషులో చెప్పేది మావాళ్లకు తెలుగులో చెప్పే పెద్దరికం నాది. ఆ పెద్దరికం నాకు బాగా నచ్చింది, దాచడమెందుకు.

ఆ రోజు ఊపిరి సలపలేదు. ఎండెక్కకముందే బయల్దేరదీసి, ఒక గుడి దిగి ఇంకో గుడి, ఫొటోలు, తలలు లెక్కపెట్టుకోవడం, మళ్లీ బస్సు. నేస్తం పొద్దుటి నుంచి టీ కూడా ముట్టలేదు. ఆంగ్‌కోర్ వాట్ పైదాకా ఎక్కి దండం పెట్టుకునేవరకు ఏమీ తిననంది. అది విష్ణుమూర్తికి కట్టిన గుడే గానీ ఇప్పుడక్కడ ఉన్నది బుద్ధుడని చెప్పాను. ఎవరైతే ఏటి, అంతెత్తున కూసున్నోడు దేవుడు కాకపోతాడా అంది.

దానికి ముందు బాయన్ గుడికి వెళ్లాం. దాని గోడల నిండా చెక్కిన బొమ్మలు. రాజులు, ఏనుగులు, యుద్ధాలు. నేను చదివిందంతా వరసగా ఒప్పజెబుతున్నాను. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. అందరూ నేస్తం చుట్టూ మూగి ఉన్నారు. అక్కడ గోడ మీద చేపలు, పడవలు, విసురు వల, సంతలో చేపలమ్మే ఆడమనిషి. వల ఎలా విసరాలో చేతులు తిప్పి చూపిస్తోంది తను. గైడు కూడా నన్ను వదిలేసి తనవైపు చూస్తున్నాడు. రాతిలోని ఆ చేపలామెను చూపించి, దీని సూపు సూడండి, కొసరేసే రకం కాదు అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఏమందో చెప్పమని గైడు నన్నడిగాడు. బొమ్మలు బాగున్నాయంటోంది అన్నాను.

అంత చిన్నమనసు నాకెక్కణ్నుంచి వచ్చింది? బడి మెట్లెక్కని మనిషి నా నెల రోజుల చదువును ఒక్క మాటతో పక్కన పెట్టేసిందనా? ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం దాకా ఆ మంట తగ్గలేదు.

ఆంగ్‌కోర్ వాట్‌లో పైకి వెళ్లే మెట్లు నిటారుగా ఉంటాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లని ఎక్కనివ్వరు. ఏటా సింహాచలం మెట్లు నాకన్నా ముందెక్కే నేస్తం అప్పటికే కొంగు బొడ్లో దోపుకుని నిలబడింది. ఈమెకు ఫరవాలేదా అని గైడు అడిగాడు. గుండెజబ్బు మనిషి అని ఇంగ్లీషులో చెప్పాను. నోరు జారిందని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. జారలేదు. అక్కడిదాకా నడుస్తూ ఆ వాక్యాన్ని కూర్చుకున్నాను.

గైడు పాపం మర్యాదగా తనని పక్కకి తీసుకెళ్లి ఒక రాతి అరుగు చూపించాడు. ఏమంటున్నాడని తను నన్నడిగింది. కళ్లు తిరుగుతాయని, తినకుండా ఉన్నవాళ్లని ఎక్కనివ్వరట అన్నాను. తింటే తన దండం చెల్లదు, తినకపోతే ఎక్కనివ్వరు. తను తినదని నాకు తెలుసు. మెట్లవైపు కాసేపు చూసి కూర్చుంది. తన తరఫున కూడా నన్నే దండం పెట్టమంది.

పైన గాలి, చుట్టూ అడవి, బుద్ధుడు. అందరూ మళ్లీ నన్నే అడుగుతున్నారు, నేనే చెబుతున్నాను. దండం సంగతి మర్చిపోయానంటే మీరు నమ్ముతారేమో. గుర్తుంది. చేతులు జోడిస్తే చేసింది ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. పెట్టకుండానే దిగాను.

తను ఎదురొచ్చింది.

“నా తరపున ఎట్టినావా, నేస్తం?”

“ఎట్టినాను.”

“అయితే నానెట్టినట్టే. ఇంక తిందాం రా, నీ మొకం పీక్కుపోనాది.”

సంచిలోంచి వేయించిన అటుకులు తీసి, మొదటి పిడికెడు నా నోట్లో పెట్టింది. మింగాను.

రెండేళ్లుగా తన మోకాళ్లు పనిచేయడం లేదు. నేను వెళ్లినప్పుడల్లా ఇరుగుపొరుగుని పిలిచి, ఆ దేశంలో దేవుడికి నా దండం ముట్టింది ఈ నేస్తం వల్లే అని చెబుతుంది. నేను తల ఊపుతాను. నిజం చెబితే ఆ తృప్తి పోతుందని ఊరుకున్నానా? అదొక సాకు. చెప్పిన మరుక్షణం నన్ను పేరుపెట్టి పిలుస్తుందేమోనని భయం.

తన గుండెకు ఏ జబ్బూ లేదు. ఆపింది గైడు కాదు, నేను. పైన తన తరఫున ఎవరూ దండం పెట్టలేదు. తనకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. ఇది క్షమాపణ కాదని తెలుసు. కానీ ఇన్నేళ్లలో ఆ మూడు వాక్యాలూ నా నోట రావడం ఇదే మొదలు.