ఏదీ కత్తిరించని అరుణక్క

హనుమకొండ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడిపిన అరుణక్క పదిహేను రోజుల కిందట గుండెపోటుతో కన్నుమూశారు. కబురు చెప్పింది మా డ్రమ్మర్ రమేశ్. "అక్క పోయిందిరా" అన్నాడు. ఏ అక్క అని నేను అడగలేదు. మా ఇద్దరికీ అక్క అంటే ఒక్కతే. చేతిలోని బేస్ గిటార్‌ను గోడకు ఆనించాను. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి, వచ్చే ప్రదర్శనకు ఎన్ని గంటలకు రావాలో కనుక్కున్న మనిషి ఆమె.

చీరకు సరిపోయే జాకెట్ గుడ్డను చిటికెలో తీసిచ్చే వ్యాపారిగా నగరం ఆమెను ఎరుగును. వరంగల్‌లో సైకడెలిక్ రాక్ సంగీతానికి ఆమె చేసిన సేవ మాత్రం కొద్దిమందికే తెలుసు. మా నలుగురి బృందం ఈ ప్రాంతంలో ఇచ్చిన ప్రదర్శనలను ఈనాడు ఎవరైనా వినగలుగుతున్నారంటే అది అరుణక్క చలవ. వాటిని రికార్డు చేయమని ఆమెను ఎవరూ కోరలేదు. కేవలం అభిమానంతో చేశారు, అసాధారణమైన నిష్ఠతో చేశారు.

ఆమెను మొదట చూసింది ఒక కళాశాల వార్షికోత్సవంలో. నృత్యం చేసే అమ్మాయిలకు బట్ట ఇవ్వడానికి వచ్చారు. మేం వేదిక మీద వాద్యాలు సరిచూసుకుంటూ ఒక పాట మొదలుపెట్టాం. మాది ఒకే స్వరాన్ని పట్టుకుని, ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పేరుస్తూ ఇరవై నిమిషాలు సాగే సంగీతం. కొత్తవాళ్లు ఐదో నిమిషానికే ఫోన్లు తీస్తారు. అక్క బట్టల మూట చంకలో పెట్టుకుని చివరిదాకా నిలబడి, నేను దిగగానే ఆపారు.

"ఏంది తమ్మీ, మీ పాట అయిపోనే పోతలేదు?"

నొచ్చుకున్నాను. ఆమె నవ్వారు. "అయిపోవద్దనే అనిపిచ్చింది నాకు. మళ్ల ఇనాలంటె ఏడ దొరుకుతది?"

ఎక్కడా దొరకదన్నాను. మరుసటి ప్రదర్శన నాటికి ఆమె చేతిలో అరచేయంత రికార్డర్ ఉంది. గాలి హోరు పడకుండా దాని మైకుకు స్పాంజి ముక్క పెట్టి, పైన పల్చని నూలు గుడ్డ చుట్టారు. అందరికంటే గంట ముందే వచ్చి, మైదానమంతా తిరుగుతూ అక్కడక్కడా ఆగి చప్పట్లు కొట్టి, ఆ శబ్దం ఎట్లా తిరిగివస్తుందో విని తన చోటు ఎంచుకునేవారు. "స్పీకర్ ముంగట నిలవడితె స్పీకరే ఇనవడ్తది, పాట ఇనవడది" అనేవారు. ఆ ఒక్క వాక్యంలో ఉన్న ధ్వనిజ్ఞానం మాకు అబ్బడానికి ఏళ్లు పట్టింది.

ఆమె భర్త సత్యం బావకు మా సంగీతమంటే తలనొప్పి. అయినా ప్రతిసారీ ఆమెను స్కూటర్ మీద దింపి, ప్రహరీ బయట చాయ్ బండి దగ్గర కూర్చునేవారు. "మీ అక్కకు ఇదొక పిచ్చి. పిచ్చి ఉన్నోళ్లను ఆపద్దు, తోలుకచ్చి దించాలె" అనడం ఆయన అలవాటు.

ఒకసారి పార్కులో వాయిస్తున్నప్పుడు, గిటార్ అతి సున్నితంగా పలుకుతున్న ఘట్టంలో పల్లీలమ్మే ఆయన "గరం పల్లీ" అని కేకేశాడు. అది రికార్డింగ్‌లో స్పష్టంగా పడింది. ఆ కేకను తీసేయమని మా గిటారిస్టు బతిమాలాడు. దినమంతా కత్తెర పట్టే మనిషి ససేమిరా అన్నారు. "ఆయన గూడ ఆడ ఉండె గద. ఎట్ల కోస్త?" మొండి మనిషి. ఒక్కోసారి ఆ మొండితనం మీద మాకు కోపం వచ్చేది. దాని విలువ నాకు తెలిసివచ్చిన రోజును దాచకుండా చెబుతాను.

ఒక పెద్ద ప్రదర్శనలో, మేం నెలల తరబడి సాధన చేసిన పాట నడుమ కుప్పకూలింది. గిటార్ ఒంటరిగా సాగిన తర్వాత బేసూ డ్రమ్సూ ఒకేసారి అందుకోవాలి. తాళం చెదిరింది, జనం ఈలలు వేశారు. దిగుతూనే అందరి ముందు రమేశ్ మీద అరిచాను. "లెక్క రానోనివి ఎందుకొస్తవ్‌రా?" వాడు డ్రమ్ము కర్రలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. బృందం ఆగిపోయింది. ఆ సంవత్సరమంతా మేం మాట్లాడుకోలేదు.

ఒక మధ్యాహ్నం అక్క నన్ను దుకాణానికి పిలిచి, గుడ్డ తానుల నడుమ కూర్చోబెట్టి, ఆనాటి రికార్డింగ్ పెట్టి హెడ్‌ఫోన్లు చేతికిచ్చారు. "ఇను. జర నిమ్మలంగ ఇను."

విన్నాను. తాళంలో నాలుగు దెబ్బల ముందే నా బేస్ లోపలికి వచ్చింది. రమేశ్ సరైన చోటికోసం ఆగి ఉండి, నా తప్పు గమనించి, తన లెక్క వదిలేసి నన్ను అందుకోవాలని చూశాడు.

"వాడు తప్పలే తమ్మీ. నువ్వు ఒక్కనివే ఉరుకుతాంటె నీ ఎంబడి ఉరికిండు. నిన్ను ఇడిశిపెట్టలే" అన్నారు అక్క.

సిగ్గుతో హెడ్‌ఫోన్లు తీసేశాను. "ఇది తుడిచెయ్ అక్కా" అన్నాను.

"తుడువ. ఎవ్వలకు ఇనిపియ్య గూడ. నువ్వే పొయ్యి వానికి చెప్పు."

ఆ సాయంత్రమే రమేశ్ వాళ్ల ఊరు రఘునాథపల్లికి బండి తీశాను. రమేశ్ పత్తి చేనులో ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. వాడు పత్తి ఏరడం ఆపకుండానే, "నాకు ఆ దినమే ఎర్కరా" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఇనే తీరుల ఉన్నవా?" అని, చేతిలోని పత్తి సంచిలో వేసి, "డ్రమ్ముల మీద మస్తు దుమ్ము వడ్డది. పా, సాఫ్ చేద్దాం" అన్నాడు.

ఈరోజు మా బృందం ఉందంటే ఆమె ఆ రోజు కత్తిరించకుండా ఉంచిన ఆ నాలుగు దెబ్బల వల్లనే. ఈ మాట నేను ఎక్కడైనా నిస్సంకోచంగా చెప్పగలను.

పదకొండో రోజు కార్యక్రమం ముగిశాక సత్యం బావ ఆ రికార్డింగులన్నీ మా ముందు పెట్టారు. "వీట్ల ఏడన్న మీ అక్క గొంతు పడ్డదేమో చూడుండ్రి. ఒక్క మాటైనా సాలు."

రమేశ్, నేను వంతులవారీగా మూడు రోజులు విన్నాం. ఈలలు, పిల్లల ఏడుపులు, బస్సు హారన్లు, వాన చినుకులు అన్నీ ఉన్నాయి. అక్క దగ్గు కూడా లేదు. రమేశ్ తల వంచుకుని "లేదు బావా" అన్నాడు.

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఉండది తియ్. రికార్డింగ్ నడుస్తాంటె మాట్లాడుతదా మీ అక్క!" ఆ గొంతులో దుఃఖంకంటే గర్వమే ఎక్కువగా పలికింది.

అన్ని గంటల సంగీతంలో తన ఊపిరి చప్పుడైనా పడనివ్వని ఆ మహాశ్రోతకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వాయించేవాళ్లు ఈ నగరంలో ఇంకా ఎందరో వస్తారు. అట్లా వినే మనిషి మాకిక లేదు.