చెప్పినవాడు తినవలసిన కూడు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు పులివెందుల నుంచి ప్రొద్దుటూరులోని మా ఇంటికి స్వీటు డబ్బాతో వచ్చి, చదువు పూర్తికాకముందే పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమైందని కాళ్లకు దండం పెట్టింది. ఏం ఉద్యోగం పాపా అంటే స్ట్రాటజీ కన్సల్టింగ్ అంది. వ్యాపారాలు చేసేవాళ్లకు ఏది పెంచుకోవాలో, ఏది మూసుకోవాలో, ఎటు పోతే బాగుపడతారో చెప్పే పనట. నా భార్య వంటింట్లో నుంచే, "అంటే పెద్దమనుషుల పంచాయితీ మాదిరా? దానికి మీసాలుండాల గదమ్మే!" అని ఎగతాళి చేసింది. పిల్ల ఏం తక్కువ తినలేదు. "మీసాలేం వద్దులే అవ్వా, ల్యాప్‌టాప్ ఉంటే సాలు" అంది.

నాకు నవ్వు రాలేదు. నాది ఐదో తరగతితో ఆగిన చదువు. ఆ తర్వాతదంతా గ్రంథాలయం బల్ల మీద నిఘంటువు పక్కన పెట్టుకుని, పరీక్ష పెట్టేవాడూ మార్కులు వేసేవాడూ లేకుండా నాకు నేను చదువుకున్నదే. అందుకే ఏదైనా నా కళ్లతో చదివితే తప్ప నమ్మను. పిల్ల దగ్గర ఫోను తీసుకుని, ఆ కొలువు గురించి డిగ్రీ పిల్లల కోసం ఆ కంపెనీవాళ్లు రాసుకున్నదంతా కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. కొద్దికాలంలోనే రకరకాల వ్యాపారాలు చూడవచ్చునట, ఊళ్లు తిరగవచ్చునట, ఆ తర్వాత ఇంతకన్నా పెద్ద కొలువుకు దారి దొరుకుతుందట. ఆలోచన చెప్పించుకున్నవాళ్లు ఏమవుతారో మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే మా మేనమామ గుర్తొచ్చాడు.

మా మామది జమ్మలమడుగు. ఆ రోజుల్లో అలాంటి మనిషి ప్రతి పది పల్లెలకూ ఒకడు ఉండేవాడు, ఇది చదువుతున్న నా యీడువాళ్ల ఊళ్లలోనూ ఉండే ఉంటాడు. బావి ఎక్కడ తవ్వాలి, అన్నదమ్ములు వేరుపడాలా వద్దా, ఎద్దులమ్మి ట్రాక్టరు కొనాలా అని జనం ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. వచ్చినరోజే ఏమీ చెప్పేవాడు కాదు. వాళ్ల ఊరికి పోయి, చేను తిరిగి, మగవాళ్లకన్నా ముందు ఆడవాళ్లను అడిగి, అప్పుడు చెప్పేవాడు. అంతటితో అయిపోయేది కాదు. పంట ఇంటికి వచ్చే కాలానికి పిలవకపోయినా మళ్లీ ఆ ఇంటికి పోయి, ఆ పూట వాళ్లు ఏం తింటుంటే అది తిని వచ్చేవాడు. మాట ఫలిస్తే ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టేవాళ్లు, బెడిసికొడితే జొన్న సంగటీ ఊరిబిండి పచ్చడీ. ఏది పెట్టినా తిని రావాలి. చెప్పినోడు తినాల అనేవాడు, అంతే. దానికి శాస్త్రమూ లేదు, సంతకమూ లేదు.

పులివెందుల పక్క పల్లెలో మా అన్న సేద్యం చేసేవాడు. వేరుశనగ వరసగా ఎండిపోతుంటే, చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టుకుందునా అని మామనే అడిగాడు. మామ వచ్చి, బోరు నీళ్లు దోసిట్లో పట్టుకుని తాగి చూసి, రెండు రోజులు చేనంతా తిరిగి, పెట్టుకో అన్నాడు. అన్నా వదినా ఆ చెట్లను పిల్లల్లా సాకారు. మొదటి కాపు అందరూ మెచ్చుకునేలా వచ్చింది. అది చూసి చుట్టుపక్కల అందరూ చీనీ పెట్టారు, అందరూ బోర్లు వేశారు, చివరికి అందరి బోర్లలోనూ గాలే వచ్చింది. అన్న ట్యాంకర్లతో నీళ్లు తోలించి కొన్నాళ్లు పెనుగులాడి, చివరికి నిలువునా ఎండిన తోటను తన చేత్తోనే నరికాడు. నరికిన రోజు నుంచి ఇంట్లో మాట్లాడడం మానేశాడు. భూమి ఉంటుందా పోతుందా అన్నదానికన్నా, ఈ మనిషి మళ్లీ మనిషవుతాడా అన్నదే మా అందరి దిగులు.

కాపు కోసే కాలం వచ్చింది, కోయడానికి చెట్టు లేదు. నేను పని చేసే పత్తి మిల్లుకు సెలవు పెట్టి అన్నను చూడడానికి పోయినరోజే, ముద్దనూరులో బస్సు మారి మామ దిగాడు. వదిన గడపలోనే అడ్డంగా నిలబడింది.

"వచ్చినావా మామా? రా రా. నీ మాట యాడ నాటినామో సూసి పో. ఆడ కట్టెలు పేర్చిపెట్టినాం."

ఆయన కాళ్లు కడుక్కుని గోడ వారగా కూర్చున్నాడు. వదిన సంగటి ముద్ద పళ్లెంలో పడేసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అన్న లోపలికి రాలేదు. మామ మొత్తం తిని, "ఇంగ రోంత ఎయ్యమ్మా" అన్నాడు. వదిన రెండో ముద్ద పెడుతూ కొంగుతో మొహం కప్పుకుంది. చెయ్యి కడుక్కుని ఆయన వాకిట్లో ఉన్న అన్న ముందుకు పోయి, "నాదే తప్పు రా అబ్బీ. నీళ్లు తియ్యగుండాయా లేదా అని సూస్తి గానీ, ఎంతమంది తాగుతారో సూడకపోతి" అన్నాడు. మామ మరుసటేడూ వచ్చాడు, ఆ పైయేడూ వచ్చాడు, ఆ సంగటే తిని పోయాడు.

మా మిల్లుకూ ఆ కాలంలోనే పట్నం నుంచి ఇస్త్రీ చొక్కాల పిల్లలు ఆలోచన చెప్పడానికి వచ్చారు. చెప్పారు, పోయారు. వాళ్లు చెప్పినట్టే చేసిన మిల్లు మూతపడింది. ఇప్పుడక్కడ కల్యాణ మండపం ఉంది. ఆ గేటు ముందు నిలబడి మీరెట్లా ఉన్నారప్పా అని అడగడానికి వాళ్లలో ఒక్కడూ రాలేదు.

కొన్నేళ్లకు అన్న ఒకటీ అరా మాట్లాడడం మొదలుపెట్టి, తనంతట తానే జమ్మలమడుగు బస్సెక్కాడు. చేనును బీడు పెట్టి తుమ్మలపల్లె గనిలో పని చూసుకుందునా అని మామనే అడగడానికి. నాకు కోపమొచ్చి, ఒకసారి మునిగింది సాలదా అన్నాను. "తప్పు సెప్పినోళ్లు శానామంది ఉండార్లేరా" అన్నాడు అన్న. "వచ్చి మొగం సూపించినోడు ఆయప్ప ఒకడే."

అప్పటికి మామ మంచంలో ఉన్నాడు. చేను చూడడానికి రాలేనని, అన్న చేతనే ప్రతి చెలకా వర్ణింపజేసుకుని, కందీ సజ్జా వేసుకో, నీళ్లతో పందెం కట్టొద్దు అన్నాడట. ఆ ఏడు వానలు దయతలిచాయి. పంట వచ్చింది గానీ తినడానికి మామ రాలేకపోయాడు. వదిన కొత్త కందిపప్పుతో ఓళిగలు చేసి క్యారియర్‌లో పెట్టింది, అన్న రెండు బస్సులు మారి తీసుకుపోయాడు. మామకు మింగుడు పడలేదు. పూర్ణం వేలితో అద్దుకుని నాలుకకు రాసుకుని, అన్న చెయ్యి పట్టుకున్నాడట. ఆ వారంలోనే పోయాడు. తోట నరికినప్పుడు రాని ఏడుపు అన్నకు అప్పుడు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మళ్లీ మనిషయ్యాడు.

ఇదంతా పిల్లకు చెప్పి, మీరు చెప్పినాక ఆ కంపెనీ ఏమైందో చూడడానికి పోరా అని అడిగాను. "అప్పటికి మేం ఇంకో కంపెనీ పనిలో ఉంటాం తాతా. వాళ్లు మళ్లీ పిలిస్తే పోతాం, అంతే" అంది, దాపరికం లేకుండా. మరి ఎవరన్నా తిడితేనో అన్నాను. "మమ్మల్ని ఎవరు తిడ్తారు తాతా? మేం ఎవరో గూడా వాళ్లకు తెలీదు."

అంతసేపూ రగిలిన కోపం ఆ మాటతో ఎటు పోయిందో తెలియదు. తెలివైన బిడ్డ, మంచి బిడ్డ. మా కాలంలో తల నెరిసినవాళ్లకు గానీ దక్కని పెద్దమనిషి మాటను ఈ కాలం ఈమె చేతిలో ఇరవైరెండేళ్లకే పెట్టింది. కానీ గడపలో అడ్డం నిలబడి నిలదీసేవాళ్లను ఇవ్వలేదు, నిలదీసి కూడా అన్నం పెట్టేవాళ్లను ఇవ్వలేదు. ఎన్నో వాకిళ్లకు ఆలోచన చెబుతుంది. ఏ వాకిట్లో అది కాసిందో, ఏ వాకిట్లో ఎండిందో ఎవరూ వచ్చి చెప్పరు. సాయంత్రం బస్సు ఎక్కిస్తూ ఆ పిల్ల తల మీద చెయ్యి పెడితే నాకు మొదటిసారి జాలేసింది, మిల్లుకు వచ్చిన ఆ ఇస్త్రీ చొక్కాల పిల్లల మీద కూడా.