వంటింట్లో మూట్ కోర్టు

ఆత్మకూరు బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు నడిపే షరీఫ్ భార్య రుబీనా ముప్పై దాటాక లా కాలేజీలో చేరింది. చేరమన్నది భర్త కాదు, అత్త తాజ్‌బీ.

పుట్టింటి పొలంలో వాటా కోసం తాజ్‌బీ వనపర్తి కోర్టు చుట్టూ చాలాకాలం తిరిగింది. తోడు రుబీనా. వాయిదా అయ్యాక లాయరు రెండు ముక్కలు చెప్పి ఇంకో హాలులోకి వెళ్లిపోయేవాడు. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. చివరికి వాటా వచ్చింది గాని ఎలా వచ్చిందో తాజ్‌బీకి తెలియలేదు. ఆ రోజు బస్సులో తిరిగివస్తూ కోడలితో అంది.

“నువ్వు డిగ్రీ చదివినవ్ కదా. గీ లాయరు చదువు నువ్వే చదువరాదు? మనకైన జర సమజైతది.”

“ఇల్లెవరు చూస్తరు అమ్మీ?”

“నేనున్న కదా.”

రుబీనా నవ్వేసింది. తాజ్‌బీ మాత్రం ఆ మాట వదల్లేదు. ప్రవేశపరీక్ష రాయించేదాకా కొడుకునూ వదల్లేదు. పాలమూరులోని యూనివర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల కోర్సుకు సీటు వచ్చింది.

పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు. క్లాసులో అందరూ తనకన్నా చిన్నవాళ్లే. గద్వాలలో చీరలు నేసే ఇంటి నుంచి వచ్చిన నవనీత మొదటిరోజే పక్కన కూర్చుని “అక్కా” అని పిలిచింది. ఇంగ్లిషు పాఠాలు ఇద్దరికీ కొరుకుడుపడేవి కావు. లైబ్రరీలో ఒకరు చదివితే ఇంకొకరు తెలుగులో చెప్పుకునేవారు. మొదటి ఏడాది అలా గట్టెక్కింది.

రెండో ఏడాది మూట్ కోర్టు పోటీ పెట్టారు. రుబీనా, నవనీత ఒక జట్టు. లేని కేసును ఉన్నట్టే అనుకుని జడ్జి ముందు వాదించాలి. ఈసారి కేసు ఒక చాయ్ హోటలుది. తన కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెడతాడు, అద్దెకిచ్చిన మడిగె గది ఖాళీ చేయమని యజమాని అంటాడు. పోనని హోటలాయన. ఎవరు ఎటువైపో పోటీనాటి పొద్దున చీటీ తీసి చెబుతారు కాబట్టి రెండువైపులా సిద్ధం కావాలి. రుబీనాకు మాత్రం యజమాని వాదనే నచ్చింది. దాన్నే బట్టీ పట్టింది.

రొట్టెలు చేస్తున్న అత్త ముందు నిలబడి అంతా తెలుగులో వాదించి, తీర్పు చెప్పమంది.

“మంచిగనే మాట్లాడినవ్. గానీ నేనైతే హోటలాయనకే ఇస్త,” అంది తాజ్‌బీ.

“ఎందుకు?”

“గా ఓనరుకు ఇంకో మడిగె తాళమేసి ఉన్నదంటివి. కొడుకు అండ్ల పెట్టుకోవచ్చు కదా. ఇన్నేండ్ల గిరాకీ ఇడిసిపెట్టి ఈయన యాడికి పోవాలె?”

“కోర్టుల గట్ల మాట్లాడరు అమ్మీ,” అని రుబీనా విసుక్కుంది. అయినా మర్నాడు నవనీతతో ఆ మాట చెప్పింది. ఇద్దరూ పుస్తకాలు తిరగేస్తే, యజమానికి అదే ఊళ్లో వేరే మడిగె ఉందా అని చట్టమూ అడుగుతుందని తేలింది. రెండోవైపు వాదన మొదటినుంచి రాసుకున్నారు. ఇక రోజూ వంటింట్లో విచారణే. తాజ్‌బీ గట్టి జడ్జి అయింది. “గది నిన్న చెప్పినవ్, కొత్తది చెప్పు” అనేది.

పోటీనాడు చీటీలో హోటలువైపే వచ్చింది. రిటైరైన జడ్జి ఒకాయన పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఇంగ్లిషులో మొదలుపెట్టిన రుబీనా రెండు వాక్యాలకే తడబడింది.

“తెలుగులోనే చెప్పమ్మా,” అన్నారాయన.

అంతే, వంటింట్లో అత్త ముందు నిలబడ్డట్టే వాదన అందుకుంది. ఆయన అడ్డు ప్రశ్నలన్నిటికీ నిలబడి జవాబు చెప్పింది. తీర్పు హోటలుకే వచ్చింది. మార్కుల్లో మాత్రం ఇంకో జట్టుకు మొదటి స్థానం దక్కింది. నవనీత కొంచెం చిన్నబుచ్చుకుంది. రుబీనాకు ఆ దిగులే లేదు.

ఇంటికి రాగానే తాజ్‌బీ అడిగింది. “ఏమైంది?”

“రెండో నంబరు అమ్మీ.”

“గది కాదు. హోటలు ఉన్నదా, పోయిందా?”

“ఉన్నది.”

“అయితే చాలు. చేతులు కడుక్కో, తిందువు.”

ఇప్పుడు రుబీనాది ఆఖరి ఏడాది. కాలేజీ తరఫున నవనీతతో కలిసి ఊళ్లలో న్యాయసహాయ శిబిరాలకు వెళుతోంది. మొన్న గట్టు ఊళ్లో శిబిరానికి బాలమణి అనే ఆమె వచ్చింది. భర్త పోయాక పొలంలో వాటా లేదంటున్నాడట మరిది. రుబీనా ఆమె పక్కనే చాపమీద కూర్చుని, వాటా ఎందుకు ఉంటుందో, ఎవరికి దరఖాస్తు పెట్టాలో చెప్పింది. బాలమణి అదే మళ్లీ అడిగింది. రుబీనా మళ్లీ మొదటినుంచి చెప్పింది. లేచి వెళ్లిన బాలమణి కాసేపటికి ఉడకబెట్టిన పల్లికాయలు కొంగులో పోసుకుని తిరిగొచ్చింది. గద్వాల దాకా బస్సులో రుబీనా, నవనీత అవి ఒలుచుకుని తింటూ వచ్చారు.